క్వార్టర్‌బ్యాక్ కుర్రాడి భుజం, నా కడుపుమంట

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన మన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ అనుభవంలోంచి ఏదైనా చెప్పండి అంకుల్ అని అడుగుతుంటారు. మోకాలి ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్ళకి మెట్లెక్కించాలి, నడుంనొప్పి మనిషిని ఎలా కదిలించాలి, ఇలాంటివి చెబుతానని వాళ్ళ ఆశ. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. లేనిది ఒకటుంది, అది చెబుతాను. కాకినాడలో కొంతకాలం, మెల్‌బోర్న్‌లో చాలాకాలం ఫిజియోగా పనిచేసి రిటైరైన నేను, ఉద్యోగం చివరి రోజుల్లో నా కూతురి వయసున్న ఒక పిల్లని చూసి కుళ్ళిపోయాను. ఆ కుళ్ళుతో ఒక కుర్రాడి భుజం పాడుచేశాను.

దీని వెనక నా చిన్ననాటి గాయమేదో ఉంటుందని వెతక్కండి. ఏమీ లేదు. మా అమ్మ నన్ను బాగానే చూసుకుంది. కుళ్ళు, అంతే.

మా క్లినిక్ మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో ఉండేది. ఇటుపక్క మందుల షాపు, అటుపక్క మన సరుకుల కొట్టు. ఈ దేశం వచ్చిన కొత్తలో నా డిగ్రీ ఇక్కడ చెల్లలేదు. పరీక్షలు రాసి గట్టెక్కేదాకా ఏజ్డ్ కేర్‌లో ముసలివాళ్ళని లేపి కూర్చోబెట్టే పని చేశాను. ఆ తర్వాత ఈ క్లినిక్‌లో చేరినప్పుడు అక్కడ తెలుగు వచ్చిన ఫిజియోని నేనొక్కణ్ణే. చుట్టుపక్కల ఇళ్ళు లేచేకొద్దీ మనవాళ్ళు పెరిగారు, నా పేషెంట్లూ పెరిగారు. మెడ పట్టేసిన సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ట్యాక్సీ తోలి తోలి నడుం పోగొట్టుకున్నవాళ్ళు, మనవణ్ణి ఎత్తుకుని చెయ్యి లేవని అమ్మమ్మలు, అందరూ "అంకుల్ ఉన్నారా?" అనుకుంటూ వచ్చేవారు. ఉండేవాణ్ణి. జ్వరమొచ్చినా సెలవు పెట్టేవాణ్ణి కాదు. నేను లేని రోజున కూడా క్లినిక్ బాగానే నడుస్తుందని ఎక్కడ తెలిసిపోతుందోనని నా భయం.

అలాంటి రోజుల్లో ఆ పిల్ల వచ్చింది. వరంగల్ అమ్మాయి, ఇక్కడే యూనిలో చదువుకుంది. మొదటిరోజే నా దగ్గరికొచ్చి, "మీ గురించి చాలా విన్న సర్. మీ దగ్గర నేర్చుకోవాలనుంది" అంది. నిజంగానే అంది, వెటకారం లేదు. నేను ఉబ్బిపోయి, ఆ వారమంతా అడిగినవీ అడగనివీ చెప్పాను. తను నోట్‌బుక్‌లో రాసుకుంది కూడా.

మూడు నెలలు తిరగలేదు. రిసెప్షన్‌లో అమ్మాయి ఫోనెత్తి, మీకు ఎవరు కావాలి అని అడగడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆ ప్రశ్నే లేదు. మా ఇద్దరి గదులకీ మధ్య గోడ లేదు, తెర ఒక్కటే. తెర అవతల నవ్వులు వినిపించేవి. నా దగ్గర ఎవరూ నవ్వేవారు కాదు. నొప్పితో వచ్చినవాళ్ళకి నవ్వులేమిటని సర్దిచెప్పుకునేవాణ్ణి గానీ, చెవులు మాత్రం అటే ఉండేవి. రెండేళ్ళు నేను చూసిన ఒక అమ్మమ్మగారు ఒకరోజు, "ఈసారికి ఆ అమ్మాయి దగ్గర రాయించండి నాయనా, మీకు పని ఎక్కువైపోతోంది పాపం" అన్నారు. ఆ 'పాపం' ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంది.

నేను చేసిన ఘనకార్యాలు వింటే నవ్వుతారు. కిటికీ పక్కనున్న మంచి బల్లని నా వైపుకి జరుపుకున్నాను. కసరత్తుకి వాడే రబ్బరు బ్యాండ్లు కొత్తవి వస్తే నా సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆ పిల్ల ఒక్కసారి కూడా అడగలేదు. తనే ఎక్కడో కొనుక్కొచ్చుకుంది. దాంతో నాకు ఇంకా మండింది.

ఇక కుర్రాడి సంగతి. మా తెలుగు చర్చిలో నేను చాలా ఏళ్ళు సండే స్కూల్ పిల్లలకి బైబిల్ కంఠత వాక్యాలు నేర్పాను. పండగ రోజున స్టేజీ ఎక్కి పిల్లలు తప్పుల్లేకుండా వాక్యాలు అప్పజెబితే పెద్దలు మురిసిపోవాలి, అదీ మా చర్చి ఆనవాయితీ. బహుమతులన్నీ నా పిల్లలకే వచ్చేవి. ఈ కుర్రాడు ఏడేళ్ళప్పుడు నా శిష్యుడే. పుట్టింది ఇక్కడ, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లిష్‌లోనే. అయినా అర్థం తెలియని పెద్ద పెద్ద వాక్యాలు గడగడా చెప్పేసేవాడు. ఒక క్రిస్మస్‌కి మధ్యలో ఎవరి పిల్లో ఏడిస్తే ఆగిపోయాడు. ఆగినచోటు నుంచి అందుకోలేక మళ్ళీ మొదటికొచ్చి చెప్పాడు. చర్చంతా ముద్దుగా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నవ్వకుండా కాస్త ఆలోచించి ఉంటే ఈ కథే లేదు.

ఆ కుర్రాడు ఇరవయ్యేళ్ళవాడై క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. అమెరికావాళ్ళు ఆడే ఫుట్‌బాల్‌ని ఇక్కడ గ్రిడైరన్ అంటారు. మన పిల్లలు ఎక్కువగా క్రికెట్‌కి పోతారు, కొందరు ఫుటీకి, అంటే ఈ దేశపు ఫుట్‌బాల్‌కి. వీడు ఏరికోరి దీనికి పోయాడు. తల్లిదండ్రులు చెప్పకుండా తనంతట తాను ఎంచుకున్నది జీవితంలో అదొక్కటేనని నాతోనే అన్నాడు. ఆటలో క్వార్టర్‌బ్యాక్ అంటే నాయకుడి లెక్క. బంతి ముందు అతని చేతికొస్తుంది, దాన్ని ఎవరికి విసరాలో అతనే చూసుకోవాలి. జట్టు వేసే ప్రతి ఎత్తుకీ ఒక నంబరు. కోచ్ గీత అవతల నుంచి నంబరు అరుస్తాడు. క్వార్టర్‌బ్యాక్ తనవాళ్ళని దగ్గరికి పిలిచి ఎవరు ఎటు పరిగెత్తాలో, ఎవరు ఎవర్ని అడ్డుకోవాలో చెప్పాలి. అదంతా అరనిమిషం లోపు జరిగిపోవాలి, లేకపోతే జరిమానాగా జట్టు వెనక్కి జరగాలి. ఆ ఎత్తులన్నీ రాసిన పుస్తకం పేరు ప్లేబుక్.

జట్టులోకి వచ్చిన రెండో మ్యాచ్‌లోనే విసిరే చేతి భుజం కీలు సగం జారి మళ్ళీ లోపలికి పోయింది. చర్చి అయ్యాక తల్లి నా చెయ్యి పట్టుకుని, మా వాణ్ణి మీ చేతుల్లో పెడుతున్నానండీ అంది. పాస్టర్ గారు వాడి భుజం కోసం, నా చేతుల కోసం కలిపి ప్రార్థన చేశారు. కోచ్ వారమంతా టైల్స్ పరిచే పనిచేసుకుని సాయంత్రాలు ఆట నేర్పే మనిషి. అతను కుర్రాడికి తేల్చి చెప్పాడు. సీజన్ చివరి మ్యాచ్‌లకి భుజం బాగవ్వాలి, పుస్తకమంతా బుర్రలో ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా వచ్చే ఏడు ఇంకొకణ్ణి చూసుకుంటానన్నాడు. కొన్ని జట్లలో నంబర్లు ముంజేతికి కట్టుకున్న పట్టీమీద రాసి ఉంటాయట. చేతిమీద ఉన్నది తలకెక్కదని ఈ కోచ్ దాన్ని ఒప్పుకోడు. ఇక భుజం రెండోసారి జారిందంటే ఆపరేషనే, ఏడాది పోయినట్టే.

కుర్రాడు నా పేషెంట్. కానీ మొదటివారమే తెర అవతల నుంచి ఆ పిల్ల తల బయటపెట్టి, "నువ్వు క్యూబీవా? యూనిలో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడిన నేను" అంది. క్యూబీ అంటే క్వార్టర్‌బ్యాక్ అనీ, ఫ్లాగ్ అంటే గుద్దుకోకుండా ఆడే ఇదే ఆట అనీ నాకు తర్వాత తెలిసింది. అంతే, వీడి మొహం వెలిగిపోయింది. నా బల్లమీద పడుకుని, నా చేతుల్లో భుజం పెట్టి, తెరవైపు తిరిగి ఆ పిల్లతో ఆట గురించి అరగంట మాట్లాడాడు. ఇద్దరూ ఏమేమో అనుకుని నవ్వుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. సండే స్కూల్లో నా వేలు పట్టుకున్న పిల్లాడు, నా గదిలో, నా ఎదురుగా. ఒళ్ళు మండిపోయింది.

మర్నాడే కుర్రాణ్ణి అడిగి ఆ ప్లేబుక్ కాపీ ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. నలభై ఎనిమిది ఎత్తులు. పేజీకొకటి, నిండా సున్నాలూ కొక్కేలూ బాణాలూ. అరవై దాటిన మనిషిని, రోజూ పొద్దున్నే కాఫీ ముందు పెట్టుకుని కళ్ళజోడుతో బట్టీ పట్టాను. ఏజ్డ్ కేర్‌లో నర్సుగా పనిచేసే మా ఆవిడ డ్యూటీకి వెళ్తూ, ఏ టీమ్‌లో సెలెక్టయ్యారేంటి అని ఆటపట్టించేది. మూడు వారాల్లో ఒకటి నుంచి నలభై ఎనిమిది దాకా నాకు నోటికొచ్చేసింది.

అప్పుడు కుర్రాడికి నా పద్ధతి చెప్పాను. బ్యాండ్‌ని తలుపు పిడికి కట్టి, మోచెయ్యి ఒంటికి ఆనించి బయటికి లాగే కసరత్తు ఒకటుంటుంది. పన్నెండేసి చొప్పున నాలుగు సార్లు చేయిస్తాం. పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది. దేవుడే కలిపాడనిపించింది. ఒక్కో లాగుడికి ఒక్కో ఎత్తు అప్పజెప్పాలి. లాగాడంటే, "వన్. రైట్ గయ్ టెన్ అండ్ ఇన్, లెఫ్ట్ గయ్ గో, బిగ్ గయ్ స్టే." అంటే కుడివాడు పది గజాలు పరిగెత్తి లోపలికి తిరగాలి, ఎడమవాడు నేరుగా పోవాలి, పెద్దోడు కదలకుండా కాపలా కాయాలి. మళ్ళీ లాగాడంటే రెండోది. తప్పితే మొదట్నుంచి. ఎక్కాలైనా వాక్యాలైనా మేమంతా అలాగే నేర్చుకున్నాం, నేను అలాగే నేర్పాను. కుర్రాడికి అది భలే నచ్చింది. యూని పాఠాలకి కూడా ఇలాగే చేస్తానన్నాడు. నెల తిరిగేసరికి ఆగకుండా అప్పజెప్పేశాడు. భుజంలో బలమూ వచ్చింది.

కోచ్‌ని క్లినిక్‌కి పిలిచాను. కుర్రాడు బ్యాండు లాగుతూ నలభై ఎనిమిదీ అప్పజెప్పాడు. కోచ్ చేతులు కట్టుకుని నిలబడి అంతా విని, నా వీపుమీద ఒక్కటి చరిచి, పుస్తకం రాసిన నాకే ఇన్ని గుర్తుండవన్నాడు. నేను తెరవైపు చూశాను. తెర కొంచెం తీసే ఉంది. ఆ పిల్ల చూసింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు, సంతోషంతో.

కోచ్ వెళ్ళాక ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది. "సర్, చాలా మంచిగ చెప్పిండు. ఒక్కసారి మధ్యలకెల్లి అడిగి చూడండి సర్. థర్టీ వన్ అనండి, ఉత్తగ."

ఎందుకమ్మా, మొత్తం వచ్చినవాడికి ముప్ఫై ఒకటి రాదా అన్నాను. తను ఊరుకోలేదు. నలభై ఎనిమిది చిన్న అట్టముక్కల మీద నంబర్లు రాసి తెచ్చింది. పేకముక్కల్లా కలిపి, ఏది వస్తే అది చెప్పించమంది. ఇంకో మాట కూడా అంది. "భుజం కూడ అంతే సర్. మీరు ఇటు తోస్తున్న, అటు తోస్తున్న అని చెప్పి తోస్తరు. వాడు ముందే బిగబడతడు. చెప్పకుండ తోస్తే వాడి మొహంల భయం కనబడుతుంది, నేను చూసిన. గ్రౌండ్‌ల ఎవరు చెప్పి తోస్తరు సర్?"

పిల్లలూ, ఇక్కడ కొంచెం ఆగండి. తను చెప్పింది నిజమని నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలియక చేసిన తప్పయితే దీన్ని మీకు చెప్పుకునేవాణ్ణి కాదు, అలాంటివి నా ఖాతాలో బోలెడున్నాయి. ఆ మాట తెర అవతల నుంచి వచ్చింది కాబట్టి నా చెవికెక్కలేదు. కుర్రాణ్ణి కంగారు పెట్టకమ్మా, నేను చూసుకుంటాను అని ఆ అట్టముక్కలు తీసుకుని, బ్యాండ్లున్న సొరుగులోనే పడేసి తాళం వేశాను.

ఇంటికెళ్ళి మా ఆవిడతో ఇదంతా గొప్పగా చెప్పాను. ఆవిడ కూరలో గరిట తిప్పుతూ విని, స్టవ్ కట్టేసి నావైపు తిరిగింది. "ఏవండీ, మీకు కావలసింది ఆ కుర్రాడి భుజం బాగవ్వడమా, ఆ పిల్ల ఓడిపోవడమా?" అంది. రెండూ అని నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

చివరి మ్యాచ్‌లకి వారం ముందు క్లియరెన్స్ ఉత్తరం నేనే రాశాను. ఆడటానికి తగును అని రాసి, కింద నా సంతకం. క్లినిక్‌లో సీనియర్ సంతకం పడ్డాక ఇంకెవరూ అడగరు.

ఆ శనివారం ఎండగానే ఉంది గానీ గాలి చెవులు కోసేస్తోంది. చర్చి నుంచి కొందరు మనవాళ్ళు కుర్చీలు మడుచుకుని వచ్చారు. కుర్రాడి తల్లి ఫ్లాస్కులో టీ తెచ్చి ముందు నాకే పోసింది. నేను కుర్రాడి భుజానికి టేపు వేశాను. ఆ పిల్ల క్లబ్ తరఫున వాలంటీరుగా మందుల సంచీతో వచ్చి నాకు నాలుగడుగుల దూరంలో నిలబడింది.

మొదట్లో ఆట అద్భుతంగా సాగింది. పుస్తకంలో ముందున్నవి తేలికైన ఎత్తులు, కోచ్ వాటితోనే మొదలుపెట్టే రకం. ఒకటన్నాడు, మూడన్నాడు, నాలుగు, ఏడు. నంబరు పడ్డం ఆలస్యం, కుర్రాడు తనవాళ్ళకి చకచకా చెప్పేస్తున్నాడు. బంతి వెళ్ళాల్సినచోటికి వెళ్తోంది. మనవాళ్ళంతా నావైపు చూసి తలలూపుతున్నారు. నేను ఆ పిల్లవైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను, రెండుసార్లు చూశాను.

రెండో సగంలో అవతలి జట్టువాళ్ళు సర్దుకున్నారు. తేలిక ఎత్తులు పారడం లేదు. కోచ్ నోటిచుట్టూ చేతులు పెట్టుకుని, "ఫార్టీ త్రీ" అని అరిచాడు.

కుర్రాడు తనవాళ్ళ మధ్య నిలబడ్డాడు. మాట్లాడటం లేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. కుడిచెయ్యి నడుం దగ్గర కొంచెం కొంచెంగా బయటికి ఆడుతోంది, లేని బ్యాండుని లాగుతున్నట్టు. అప్పుడు నాకర్థమైంది, వాడు ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఎలా అర్థమైందంటారా? నలభై మూడు ఏమిటా అని నేనూ గుర్తుచేసుకోబోయాను, నేనూ ఒకటి నుంచే మొదలుపెట్టాను. ఇంకో దారి నాకూ లేదు.

అరనిమిషం అయిపోయింది. విజిల్ పడింది, జట్టు వెనక్కి జరిగింది. కోచ్ మళ్ళీ నలభై మూడే అన్నాడు. మళ్ళీ అదే, మళ్ళీ విజిల్. కోచ్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. ఆ పిల్ల నావైపు ఒక్కసారి చూసి తల తిప్పుకుంది. తను ఏదైనా అనుంటే బాగుండేది.

మూడోసారి కూడా నలభై మూడే. ఈసారి కుర్రాడు ఎంతవరకు వచ్చాడో అంతవరకే ఆపి, ఏదో సగం సగం చెప్పేసి ఆట మొదలెట్టేశాడు. జట్టులో సగంమంది పుస్తకం తెరిచినవాళ్ళు కాదు, వీడు చెబితేనే వాళ్ళకి తెలిసేది. ఎడమవైపు కాపలా కాయాల్సినవాడికి తన పనేమిటో తెలియలేదు. కుర్రాడు విసరడానికి చెయ్యి వెనక్కి ఎత్తాడు. అవతలివాడు ఎడమవైపు నుంచి చుట్టి వెనకగా వచ్చి గుద్దేశాడు. చెప్పకుండా.

వాడు కిందపడ్డ తీరు చూస్తేనే తెలిసిపోయింది. పరిగెత్తాను. నా మోకాళ్ళు అరిగిపోయినవి. ఆ పిల్ల నాకంటే ముందు చేరింది. పిల్లలూ, నేను ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది ఇదే. ఆ కుర్రాడు నేలమీద చెయ్యి పట్టుకుని అరుస్తుంటే, పరిగెడుతున్న నాకు వచ్చిన మొదటి ఆలోచన వాడి భుజం గురించి కాదు. 'అది ముందు చేరిపోయింది' అని.

నేను వెళ్ళేసరికి తను వాడి చేతిని తన ఒళ్ళో ఆనించుకుని, మెల్లగా ఊపిరి తీసుకోమని చెబుతోంది. కీలు ఈసారి పూర్తిగా బయటికొచ్చేసింది. నేను పక్కన కూలబడ్డాను. వాడు నన్ను చూశాడు. మొహమంతా చెమట, మట్టి, కన్నీళ్ళు. తిడతాడనుకున్నాను.

"సారీ అంకుల్," అన్నాడు. "ఐ వజ్ ఓన్లీ అప్ టు నైన్టీన్."

అంబులెన్సొచ్చి తీసుకెళ్ళింది. హాస్పిటల్లో కీలు లోపలికి పెట్టారు గానీ లోపలి పొర చిరిగింది, ఆపరేషన్ తప్పదన్నారు. ఏడాది పోయింది. తల్లి ఫ్లాస్కు అక్కడే గడ్డిమీద ఉండిపోతే నేనే ఇంటికి తెచ్చాను. చాలారోజులు మా వంటింటి గట్టుమీదే ఉంది, ఇవ్వడానికి మొహం చెల్లలేదు.

సోమవారం క్లినిక్ యజమాని మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఏం జరిగిందని అడిగాడు. ఫైలు తెరిచాడు. అందులో ఆ పిల్ల హెచ్చరించిన మాట ఎక్కడా లేదు. మా వృత్తిలో రాయనిది జరగనట్టే. నేను నోరు మూసుకుంటే సరిపోయేది, దెబ్బ అనేది ఆటలో తగిలేదే. తను కూడా తలొంచుకుని కూర్చుంది. నామీద ఒక్క మాట చెప్పేలా లేదు. అంత మంచితనం చూసి నాకు ఇంకోసారి మండింది, నిజం. ఆ మంటలోనే నోరు తెరిచాను. ఆ అమ్మాయి చెప్పింది, రెండు విషయాలూ చెప్పింది, నేను కావాలనే వినలేదు అన్నాను. పెన్ను తీసుకుని ఆ మాటే ఫైల్లో రాసి సంతకం పెట్టాను. యజమాని అది చదివి, ఆపరేషన్ అయ్యాక కుర్రాణ్ణి ఆ పిల్ల లిస్టులోకి మార్చాడు. నేను చూస్తున్న ఆటగాళ్ళందర్నీ కూడా.

బయటికొచ్చాక, ఫైల్లో ఎందుకు రాయలేదమ్మా అని అడిగాను. సీనియర్ మీద ఎట్ల రాస్త సర్ అంది. సొరుగు తాళం తీసి అట్టముక్కలు తన చేతిలో పెట్టాను, బ్యాండ్లు కూడా.

"ఇవి ఇందులనే ఉన్నయని నాకు తెలుసు సర్," అంది.

మరి అడగలేదేమని అంటే, ఆ ముక్కల్ని చేతిలో సర్దుకుంది. "మీరే ఇస్తరనుకున్న సర్."

ఆ ఆదివారం ఫ్లాస్కు పట్టుకెళ్ళి కుర్రాడి తల్లికిచ్చి, జరిగినదంతా చెప్పాను. ఆవిడ ఫ్లాస్కు తీసుకుని వెళ్ళిపోయింది. కొన్ని నెలలు నాకు ఎదురుపడకుండా పక్క తలుపులోంచి బయటికి వెళ్ళేది. పాస్టర్ గారికి కూడా చెప్పాను. ఆయన ప్రార్థన చేద్దామన్నారు, నా చేతులు వదిలేసి వాడి భుజం కోసం మాత్రం చేయమన్నాను. సండే స్కూల్ వేరేవాళ్ళకి అప్పగించేశాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏడాదిపాటు తెర ఇవతల కూర్చుని విన్నాను. తను ముక్కలు కలిపే చప్పుడు, నంబరు చెప్పడం, వెంటనే వాడి జవాబు. మధ్యమధ్య చెప్పాపెట్టకుండా భుజం మీద ఒక తోపు, వాడు నిలబడి నవ్వడం. రోజూ వినేవాణ్ణి, రోజూ కుళ్ళుకునేవాణ్ణి. తప్పు తెలుసుకుంటే కుళ్ళు పోతుందని మీకెవరైనా చెబితే నమ్మకండి. దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే నోట్స్ రాయడం అలవాటు చేసుకోవాలి, అంతే.

మొన్న సీజన్‌లో వాడు మళ్ళీ దిగాడు. నాకెవరూ ఫోన్ చేయలేదు, నేనే తెలుసుకుని వెళ్ళాను. జనానికి కొంచెం ఎడంగా కంచె దగ్గర నిలబడ్డాను. కుర్రాడు చూసి "హే అంకుల్" అని చెయ్యి ఊపాడు, ఆ చెయ్యే. వాడి తల్లి నన్ను చూసింది. కాసేపటికి టీ కప్పుతో వచ్చి, చేతికిచ్చి వెళ్ళింది. ఆ పిల్ల గీత దగ్గర మందుల సంచీతో నిలబడి ఉంది.

ఆట సగం దాటింది. కోచ్ నోటిచుట్టూ చేతులు పెట్టుకున్నాడు.

"ఫార్టీ త్రీ."

కుర్రాడు నాలుగు మాటలన్నాడు, తనవాళ్ళు విడిపోయారు. ఒకడు పక్కనుంచి మీదికొస్తే భుజంతోనే విదిలించుకుని నిలబడి, చెయ్యి వెనక్కెత్తి విసిరాడు. మనవాళ్ళంతా కుర్చీల్లోంచి లేచి కేకలు పెట్టారు. వాడు పరిగెత్తుకొచ్చి ముందు ఆ పిల్లని పట్టుకుని పైకెత్తాడు. నా కడుపు ఎప్పటిలాగే భగ్గుమంది. కానీ చప్పట్లు కొట్టడానికి కాస్త ఆలస్యమైంది మాత్రం అందుకు కాదు. బంతి వెళ్ళి వాడి జట్టువాడి చేతుల్లో పడేసరికి నేనింకా పంతొమ్మిది దగ్గరే ఉన్నాను.